ఏడవ ప్రకరణం: మైనం మింగిన యాళి

వకుళకు అత్తగారి మీద ఉన్న ఫిర్యాదులన్నీ రాయిస్తే పుష్కలగిరి రాజ్యంలో తాటాకులకు కరువొస్తుంది. వాటిలో మొదటిది వంటింటిది. పేరిందేవి వంటింట్లో కూరలో ఉప్పు వేయాలంటే వేసేస్తే కుదరదు. జాడీ మీద చెయ్యి పెట్టి "ఇది ఉప్పు" అని పైకి చెప్పాలి. మూత తీసి, చూసి, మళ్ళీ చెప్పాలి. గంటెలోకి తీశాక పక్కనున్న మనిషికి చూపించి, ఏమిటి, ఎందులోకి, ఎంత అన్నది ఆ మనిషి నోట అనిపించాలి. పక్కన మనిషి లేకపోతే వీధిలో పోయే పెరుగమ్మినైనా పిలవాలి. పెళ్ళయిన కొత్తలో ఈ తతంగం చూసి వకుళ, "నన్నిచ్చింది ఇంటికా, యాగశాలకా?" అని మొగుణ్ణి అడిగింది. సింగన, "మా అమ్మ చేతి పులుసు ఏనాడైనా చెడిందా?" అని తప్పుకున్నాడు. చెడలేదు. అది తయారయ్యేసరికి ఆకలి చచ్చేది, అంతే.

ఆ ఫిర్యాదు ఎవరితోనైనా చెప్పుకుని మనసు తేలిక చేసుకుందామంటే ఇప్పుడు వీలు లేదు. ఎందుకంటే ఈ ఉదయం వకుళ మూరెడు మేకబొచ్చు గడ్డం అతికించుకుని, శీతలద్వీపం నుంచి వచ్చిన మహావైద్యుడి వేషంలో రాజ ఔషధశాల సింహద్వారం ముందు నిలబడి ఉంది. వెనకాల మౌనవ్రతం పట్టిన శిష్యుడి వేషంలో, తలపాగా కళ్ళమీదికి జారుతూ, అత్తగారు ఉంది. మౌనవ్రతం ఆలోచన వకుళది. ఆరేళ్ళ కాపురంలో ఆమెకు దొరికిన ఒకే ఒక్క సుఖం అది.

ఇంతకీ జరిగిందేమిటంటే, మొన్న వేటలో గగనకేతు మహారాజు మీదికి చిరుత దూకితే అంగరక్షకుడు సింగన అడ్డం పడ్డాడు. భుజం మీద నాలుగు గీతలు పడ్డాయి. పసుపు అద్ది ఇంట్లో పడుకోబెడితే నాలుగు రోజుల్లో మానేవి. కాని రాజుగారికి కృతజ్ఞత కలిగింది. కృతజ్ఞత కలిగిన రాజు ఊరుకోడు కదా. సింగనను పల్లకీలో ఔషధశాలకు పంపి, సాక్షాత్తు రాజవైద్యుడే మందివ్వాలని ఆజ్ఞాపించాడు. నిన్న పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి మందిచ్చారు. రాత్రి గడిచేసరికి సింగన కాలివేళ్ళు నల్లరాయిగా మారాయి. తెల్లవారేసరికి రాయి మోకాళ్ళకు వచ్చింది. ఇదే తీరున పాకితే పొద్దు గుంకే వేళకు గుండెకు చేరుతుంది.

చిరుత గోళ్ళలో ఉన్న శిలాతత్వమే దీనికి కారణమని ఔషధశాల చాటింపు వేయించింది. అదే చిరుత అంతకు ముందు నెలలో పదకొండు మేకలను గీరింది. ఒక్క మేకా రాయి కాలేదు. మేకలకు రాజవైద్యం జరగలేదు మరి.

తెల్లవారుజామున కిటికీ ఊచల్లోంచి సింగన పెళ్ళానికి ఒకే సంగతి చెప్పగలిగాడు. "పొద్దున ఇచ్చిన మందు తెల్లగా ఉందే. మధ్యాహ్నం ఇచ్చింది నల్లగా ఉంది. ఏమిటని అడగబోతే ఇక్కడ అడగకూడదన్నారు."

ఆ మాట పట్టుకునే అత్తాకోడళ్ళు బయలుదేరారు.

సింహద్వారం దగ్గర ఈటెలవాడు వకుళను ఎగాదిగా చూశాడు. "బిరుదులెన్ని?"

"ఎన్నుంటే పంపిస్తావు నాయనా?"

"ఏడు. తగ్గితే కట్టెలవాళ్ళ దోవన రావాలి."

వకుళ తొమ్మిది చెప్పింది. జ్వరగజకంఠీరవ, కఫకులాంతక, పైత్యపర్వతవజ్రాయుధ మొదలైనవన్నీ నడిచి వచ్చేటప్పుడు అల్లినవే. తొమ్మిదోది గుర్తురాక అత్తగారి ఊరి పేరు తిరగేసి చెప్పింది. ఈటెలవాడు నేలకు వంగి దండం పెట్టాడు. ఆమెకు వైద్యం వచ్చా రాదా అన్న అనుమానం ఆ వాకిట్లో ఎవరికీ రాలేదు. లోపలి నుంచి పిలుపు వచ్చేసరికి మాత్రం పొద్దు పడమటికి వాలింది.

ఔషధశాల లోపలి వైభవం చెప్పాలంటే ఆదిశేషుడికి కూడా ఒక నాలుక అరువు కావాల్సి వస్తుంది. చందనపు దూలాలు, వెండి తొడిగిన స్తంభాలు, చలువరాతి నేల మీద నవరత్నాలతో పొదిగిన మూలికల ముగ్గులు, కప్పు నుంచి వేలాడే స్ఫటిక దీపాలు, వాటి వెలుగులో వెయ్యిన్నొక్క జాడీలు. జాడీలన్నీ ఒకే ఎత్తు. అన్నిటికీ నెమలికంఠం రంగు పట్టు తొడుగులు, బంగారు జరీ అంచు, మెడ దగ్గర ముత్యాల కుచ్చు. వెయ్యిన్నొక్క మంది పెళ్ళికొడుకులు ఒకే గుడ్డల దుకాణంలో బట్టలు తెచ్చుకుని పంక్తిలో కూర్చున్నట్టు ఉంది.

వెనకటి రోజుల్లో ఇక్కడ మట్టి జాడీ, కొమ్ము బుర్ర, సొరకాయ బుర్ర, దేని ఆకారం దానిదే. ప్రాణం తీసే సరుకు మాత్రం ముళ్ళకంప చుట్టిన కుండలో ఉండేది. తీయబోయిన చేతికి ముందు గుచ్చుకునేది. రాజుగారి బావమరిది, రాజ్యానికి సౌందర్యాధికారి, ఒకనాడు వచ్చి ఇది చూసి ముక్కు మూసుకున్నాడు. రాజుగారి పుట్టినరోజు కానుకగా ముళ్ళకంప పోయి పట్టు వచ్చింది. పేర్లు పైన రాస్తే అందం చెడుతుందని జాడీ అడుగున రాయించారు. అప్పటి నుంచి పనివాళ్ళు గోడ వైపు నుంచి లెక్కపెట్టుకుని మందు తీస్తున్నారు. ఏర్పాటు చూసి రాజుగారు మురిసిపోయి బావమరిదికి ఏనుగునిచ్చారు.

ఈ శోభ నడుమ బంగారు గొలుసుల ఉయ్యాలలో రాజవైద్యుడు అనంగపాల భట్టారకులు ఊగుతున్నారు. వారి పెద్ద బిరుదు 'ఏకవాక్కు'. వారు మందు పేరు గాని, లెక్క గాని ఒక్కసారే చెబుతారు. రెండోసారి అడిగినవాడికి ఆ పూటే ఉద్యోగం పోతుంది. ముప్పై ఏళ్ళుగా ఎవరూ అడగలేదు. దాన్ని వారు తమ స్పష్టతకు నిదర్శనంగా చెప్పుకునేవారు. చెప్పేటప్పుడు నోట్లో తాంబూలం ఉండేది.

"శీతలద్వీపంలో మా కీర్తి వినపడుతున్నదా?" అన్నారు ఊగుతూనే.

"మిన్నంటుతోంది స్వామీ. రాయైపోతున్న రోగిని కళ్ళారా చూసి పోదామని వచ్చాను."

"అదిగో, మంచం."

సింగన నడుము దాకా రాయి. పైభాగం మాత్రం మనిషే. గడ్డం వెనక ఉన్న పెళ్ళాన్ని ఒక్క చూపులో గుర్తుపట్టాడు. తలపాగా కింద ఉన్న తల్లిని కూడా. మూలుగుతున్నట్టు నటిస్తూ గొణిగాడు. "గడ్డం నీకు బాగానే ఉందే."

"నోరు మూసుకో. నొప్పిగా ఉందా?"

"రాయైన చోట లేదు. పైన భయంగా ఉంది."

వకుళ మంచం మీదికి వంగింది. వైద్యుడిలా నాడి చూసే మిషతో అతని చెయ్యి గట్టిగా పట్టుకుని వదిలింది. పేరిందేవి కొడుకు రాతి మోకాలు తడిమి, తలపాగా సర్దుకుని, చరచరా జాడీల వైపు నడిచింది. మౌనవ్రతం కాబట్టి ఏమీ అనలేదు. అనలేకపోవడం వల్ల మొహం ఎర్రగా కందిపోయింది.

మూలన పెద్ద కల్వంలో మందు నూరుతున్న ముసలి తిప్పయ్య పక్కన వకుళ గొంతుక్కూర్చుంది. "పెద్దాయనా, నిన్న మధ్యాహ్నం ఈ మనిషికి మందు తీసిందెవరు?"

"నేనే." తిప్పయ్య పొత్రం ఆపలేదు. "మూడో అరలో పన్నెండోది, ఓ గంటెడు అన్నారు. నల్లగా కనపడింది. గాయం మందు తెలుపు కదా అనుకున్నాను."

"అనుకుని?"

"అనుకుని తీసిచ్చాను. అడగడానికి నేనెవణ్ణి? నలభై ఏళ్ళ కొలువు." తల ఎత్తకుండా అన్నాడు. "అర మొదట్లో ఉన్న జాడీని నిన్న పొద్దుటి మందు తీశాక బావమరిదిగారు పూలకుండీకి బాగుంటుందని పట్టుకుపోయారు. ఇంకేముంది, లెక్కంతా ఒకటి జరిగింది. పదమూడోది పన్నెండోదైంది. అది ఏనుగులకు విరిగిన ఎముక అతికే శిలాభస్మం. ఏనుగుకే చిటికెడు."

"అది వారికి తెలుసా?"

తిప్పయ్య అర వైపు చూశాడు. జవాబు అక్కడి నుంచే వచ్చింది. మొదటి జాడీని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసిన పేరిందేవి, దాని తొడుగు లోంచి వాడిన సన్నజాజి పువ్వు ఒకటి తీసి కోడలికి చూపించింది. పట్టు ఇంకా తడిగా ఉంది. పూలకుండీ ఈ ఉదయమే గుట్టుచప్పుడు కాకుండా తన చోటికి తిరిగొచ్చింది. అంటే వారికి తెలుసు. తెలిసి, అర సర్దించారు. మనిషిని సర్దించలేదు.

"దీనికి విరుగుడు లేదా పెద్దాయనా?"

"ఎందుకు లేదు? కింద నేలమాళిగలో యాళి తలుపు వెనక ప్రతి మందుకీ పనికొచ్చే విరుగుడు కుండ ఉంది. మందిచ్చిన వైద్యుడే వచ్చి, దాని నోట్లో చెయ్యి పెట్టి, అడిగిందానికి నిజం చెబితే తలుపు తీస్తుంది. మొదటి వైద్యులు పెట్టిన కట్టు. పాతికేళ్ళ కిందట వీరు దాని నోరు మైనంతో పూడ్పించారు. ఊరికే ప్రశ్నలు వేస్తోందని."

వకుళ లేచి ఉయ్యాల ముందు చేతులు కట్టుకుని నిలబడింది. "స్వామీ, తమ ఔషధం దోషరహితమని మా ద్వీపంలో చాటాలని నా కోరిక. నిన్న ఈ రోగికిచ్చిన మందే తమరు ఒక్క గంటెడు సేవిస్తే, నేను కళ్ళతో చూసి, వెళ్ళి చెబుతాను."

భట్టారకులు నవ్వారు. పూలకుండీ చోటు చేరిన ధీమా అది. "పన్నెండోది," అన్నారు, ఒక్కసారే. తెచ్చారు. తెల్లటి పొడి. గంటెడు నోట్లో వేసుకుని పాలు తాగారు.

"ఆశ్చర్యం స్వామీ," అంది వకుళ. "నిన్న నల్లగా ఉన్న మందు ఇవాళ తెల్లబడింది. రోగి నాలుక మీద ఇంకా నలుపుంది, చూస్తారా?"

ఉయ్యాల ఆగింది. అప్పుడు పేరిందేవి మౌనవ్రతం భళ్ళున పగిలింది. పదమూడో జాడీ మీద చెయ్యి పెట్టి, ఔషధశాల మారుమోగేలా "ఇది నలుపు" అంది. మూత తీసి, చూసి, "ఇదీ నలుపే" అంది. గంటెడు తీసి భట్టారకుల ముక్కు దగ్గర పెట్టి, "ఏమిటిది, ఎవరికి, ఎంత? నీ నోటితో అను, వింటాను. అన్నాక మింగు" అంది.

భట్టారకులు ఉయ్యాల లోంచి వెనక్కి విరుచుకుపడ్డారు. పడుతూ ఆసరాకు పట్టుకున్నది వకుళ గడ్డం. అది వారి చేతికొచ్చింది.

"ఆడవాళ్ళు," అని అరిచాడు ఈటెలవాడు, అదే ప్రమాదం అన్నట్టు.

ఇరవై ఈటెలు ఒక్కసారి లేచాయి. వకుళ కల్వం మీదికి ఎగిరి, అక్కడి నుంచి అర మీదికి గెంతింది. వంద జాడీలు దొర్లాయి. పిప్పళ్ళ పొడి మబ్బులా లేచి, భటులంతా ఈటెలు వదిలి తుమ్మడం మొదలుపెట్టారు. ఒక జాడీ లోంచి పాము, ఇంకో జాడీ లోంచి పాము నూనె బయటికొచ్చాయి. రెండూ ఒకే రంగు పట్టులోవే. పేరిందేవి భట్టారకుల ఉత్తరీయం ముడేసి పట్టుకుని, చాకలి మూటను ఈడ్చినట్టు ఈడ్చుకుంటూ గోడవారకు వచ్చింది. అక్కడ కింది నుంచి సరుకులు పైకి లాగే చేదతొట్టి ఉంది. ముగ్గురూ అందులో పడ్డారు. పైన గిలక దగ్గర తిప్పయ్య నిలబడ్డాడు.

"తిప్పా, లాగు," అన్నారు భట్టారకులు.

"ఏమన్నారు స్వామీ? వినపడలేదు, మళ్ళీ చెప్పండి," అన్నాడు తిప్పయ్య. నలభై ఏళ్ళ కొలువులో మొదటిసారి అడిగి, తాడు వదిలేశాడు.

తొట్టి చీకట్లోకి రాయిలా జారింది. గబ్బిలాలు మొహాలకు తగిలాయి. తాడు రాపిడికి నిప్పురవ్వలు రాలాయి. నేలకు ఒక నిలువు ఎత్తున తొట్టి పక్కకొరిగి, ముగ్గుర్నీ చల్లటి రాతి గచ్చు మీదికి కుమ్మరించింది.

ఎదురుగా మూడు నిలువుల కంచు తలుపు. దాని నడుమ ఏనుగు తొండం, సింహం జూలు, గుడ్లగూబ కళ్ళు కలిపి పోతపోసిన యాళి మొహం. నుదుట కుంకుమ, మెడలో దండలు. రోజూ పూజ జరుగుతున్నట్టే ఉంది. నోట్లో మాత్రం అంగుళం సందు లేకుండా మైనం. అంత భక్తిగా నోరు నొక్కడం పుష్కలగిరి వాళ్ళకే చేతనవుతుంది.

కప్పులోని రంధ్రం గుండా ఎర్రబడ్డ ఎండ ఒకటే చార యాళి నుదుటి మీద పడుతోంది. చేదబావి గుండా పైనుంచి తిప్పయ్య కేక వినపడింది. "అమ్మా, బొడ్డు దాటింది."

పేరిందేవి చేతిలో గంటె ఇంకా ఉంది. దానితో మైనం పెళ్ళలు పెళ్ళలుగా పెకలించింది. పాతికేళ్ళ మైనం ఊడిపడగానే యాళి కళ్ళు పచ్చగా వెలిగాయి. దీర్ఘంగా ఊపిరి తీసుకుంది. ఆ గాలికి వకుళ తలపాగా ఊడి ఎగిరిపోయింది. అత్తాకోడళ్ళిద్దరూ కలిసి భట్టారకుల కుడిచెయ్యి దాని నోట్లోకి తోశారు. దవడలు మెత్తగా మూసుకున్నాయి.

"ఎవరికిచ్చావు?" అంది యాళి. బావిలో బిందె జారినట్టుంది గొంతు.

"రాజరక్షకుడికి."

"పేరు."

భట్టారకులకు పేరు తెలియదు. తెలుసుకోవాల్సిన పని ఎన్నడూ పడలేదు. మంచం చూసి మందివ్వడమే అలవాటు.

"సింగన," అంది వకుళ.

"నువ్వు కాదు. ఇచ్చినవాడు."

"సింగన," అన్నారు భట్టారకులు, కష్టంగా. తలుపు అంగుళం కదిలింది.

"ఏమిచ్చావు?"

"వ్రణసంజీవని."

దవడలు బిగిశాయి. వేళ్ళు పటపటమన్నాయి.

"శిలాభస్మం, శిలాభస్మం. గంటెడు." అడగకుండానే లెక్క కూడా వచ్చేసింది. తలుపు జానెడు తెరుచుకుంది.

వకుళ ఆ సందులోంచి తొంగి చూసింది. లోపల భూగర్భ నది నల్లగా, నురుగుతో పరుగెడుతోంది. దాని అవతల, గుహ కప్పు నుంచి గొలుసుకు వేలాడుతూ ముళ్ళకంప చుట్టిన విరుగుడు కుండ. నడుమ, నీళ్ళ కింద, పడవంత పొడుగున్నదేదో బద్ధకంగా పొర్లి మళ్ళీ మునిగింది. వకుళ పంచె మోకాళ్ళ పైకి ఎగ్గట్టి, అత్తగారి చేతిలోని గంటె లాక్కుంది. ఆయుధమంటూ ఉన్నది అదొక్కటే.

మెట్ల మీద భటుల అడుగుల చప్పుడు, తుమ్ముల చప్పుడు దగ్గరయ్యాయి. పైనుంచి తిప్పయ్య మళ్ళీ కేకేశాడు. "రొమ్ము కిందికొచ్చింది తల్లీ. మాట తడబడుతోంది."

"తప్పెవరిది?" అంది యాళి.

"చిరుతది," అన్నారు భట్టారకులు. దవడలు బిగిశాయి. "బావమరిదిగారిది. జాడీ తీసుకుపోయింది వారు." ఇంకా బిగిశాయి. "తిప్పడిది. నల్లగా ఉంటే అడగొద్దూ?" ఇంకా. "గ్రహాలది. రోగి జాతకంది. వాడి పెళ్ళాం నక్షత్రం..."

"నాది అశ్విని," అంది వకుళ. "నీ చెయ్యి నీక్కావాలా?"

పేరిందేవి ఆయన పక్కన చతికిలబడింది. ఈసారి అరవలేదు. "నాయనా, నేనూ ఒకసారి గంజిలో ఉప్పనుకుని పటికపొడి వేశాను. తాగింది నా పెద్దబిడ్డ. రెండేళ్ళ పిల్ల. పోయింది. దిష్టి తగిలిందని ఊరంతా అన్నారు. నేనూ అవుననుకుంటే సుఖంగా ఉండేది. అట్లా అనుకోలేకే ఇంటిల్లిపాదినీ విసిగిస్తున్నాను. పైన రాయవుతున్నవాడు నా రెండో బిడ్డ."

వకుళ గంటె పట్టుకున్న చెయ్యి కిందికి వాలింది. ఆరేళ్ళలో ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. తనూ అడగలేదు, వెక్కిరించింది తప్ప.

ఎండ చార యాళి నుదుటి నుంచి జారి జూలు అంచున నిలిచింది. మొదటి ఈటె వచ్చి తలుపుకు తగిలి ఖంగుమంది. భట్టారకులు తమ చేతిని చూసుకున్నారు, మెట్ల వైపు చూశారు, నేల మీద కూర్చున్న ముసలమ్మను చూశారు. తాంబూలం ఎప్పుడో మింగేసినట్టున్నారు. మాట పొడిగా, చిన్నగా, ఏ సమాసమూ లేకుండా వచ్చింది.

"తప్పు నాదే."

"వినపడలేదు," అంది యాళి. "మళ్ళీ చెప్పు."

ముప్పై ఏళ్ళలో మొదటిసారి ఏకవాక్కు ఒక మాటను రెండోసారి పలికారు. ఈసారి మెట్ల మీది భటులు కూడా ఆగిపోయేంత గట్టిగా.

"నాదే. తప్పు నాదే."

కంచు తలుపు బార్లా తెరుచుకుంది.